ఏ జట్టుకీ జై కొట్టకుండా ఫుట్‌బాల్ చూడటం ఎలా: బెజవాడ, గుంటూరు ప్రేక్షకులకు సమగ్ర మార్గదర్శి

ఫుట్‌బాల్ చూస్తానని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ టీమ్ ఫ్యాన్ బ్రో?" ఏ హీరో ఫ్యానో అడిగినంత మామూలుగా అడుగుతారు. మాంచెస్టర్ యునైటెడ్ అనో, రియల్ మాడ్రిడ్ అనో టక్కున చెప్పకపోతే ఆట తెలియనివాళ్ల కింద జమకట్టేస్తారు. ఆ మొహమాటం కొద్దీ ఏదో ఒక పేరు చెప్పి, తర్వాత దానికే కట్టుబడిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. అంత అవసరం లేదు. యూరప్ క్లబ్బుల మీద అభిమానం మనకి తాతముత్తాతల నుంచి వచ్చింది కాదు. మన దగ్గర్లో ఉండిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతే చూడండి: 2019లో పుట్టింది, 2021-22 సీజన్లో కప్పు గెలిచింది, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది.

పక్షం లేకుండా చూడటం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. పద్యనాటకానికి వెళ్లినవాళ్లు కృష్ణుడి వైపా, దుర్యోధనుడి వైపా అని ఆలోచించరు. రాగం ఎవరు బాగా తీస్తే వాళ్లకి వన్స్‌మోర్ కొడతారు. ఫుట్‌బాల్‌నీ అలా చూడొచ్చు. కాకపోతే దానికి కొంత సాధన కావాలి.

ముందు ఒక ఇబ్బంది సంగతి

అభిమానికి ఆట ఎంత చప్పగా సాగినా టెన్షన్ ఉంటుంది. తన జట్టు 1-0తో గట్టెక్కాలని చివరి పది నిమిషాలూ గోళ్లు కొరుక్కుంటాడు. జట్టు లేనివాళ్లకి ఆ టెన్షన్ ఊరికే రాదు. పెద్ద లీగుల్లో సగటున మ్యాచ్‌కి పడేది మూడు గోల్స్, అటూ ఇటూగా. 90 నిమిషాల్లో బంతి నిజంగా ఆటలో ఉండేది గంట లోపే. ఇక త్రోఇన్‌లు, ఫ్రీకిక్‌లు, దెబ్బ తగిలి పడిపోవడాలు ఉండనే ఉన్నాయి. గోల్ కోసం మాత్రమే ఎదురుచూస్తే ఇరవయ్యో నిమిషానికే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. కాబట్టి గోల్‌కీ గోల్‌కీ మధ్య ఏం చూడాలో నేర్చుకోవాలి. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దాని గురించే.

మ్యాచ్ ఎంచుకోవడం

అభిమానికి ఎంపిక లేదు, తన జట్టు ఎప్పుడు ఆడితే అప్పుడు చూడాలి. మీకు ఆ బంధం లేదు కాబట్టి వారానికి రెండే మ్యాచ్‌లు పెట్టుకుని, వాటిని శ్రద్ధగా ఏరుకోండి. పేరున్న జట్లని బట్టి ఏరితే దెబ్బతింటారు. రెండు పెద్ద జట్లు సీజన్ మధ్యలో తలపడితే రెండూ భయంభయంగా ఆడి 0-0తో ముగించడం జరుగుతూంటుంది. ఈ మ్యాచ్‌లో ఎవరికి ఏం పోతుంది అన్నది చూసి ఎంచుకోండి.

పాయింట్ల పట్టిక తెరిచి ముందు అడుగుభాగం చూడండి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగులో 20 జట్లు, ఒక్కో జట్టుకి 38 మ్యాచ్‌లు. చివరి మూడు జట్లు కింది డివిజన్‌కి పడిపోతాయి. జర్మనీ బుండెస్‌లీగాలో 18 జట్లు, 34 మ్యాచ్‌లు. మార్చి దాటాక 16, 17, 18 స్థానాల్లో కొట్టుమిట్టాడే జట్ల మధ్య ఆట చాలాసార్లు టైటిల్ పోరుకన్నా రసవత్తరంగా ఉంటుంది. వాళ్లకి డ్రాతో పని జరగదు, అందుకే తెగించి ముందుకొస్తారు.

రెండో రకం, రెండు అంచెల నాకౌట్ పోటీల్లో (అవే రెండు జట్లు రెండు మ్యాచ్‌లు ఆడి, ఓడినవాళ్లు ఇంటికి పోయేవి) రెండో అంచె. మొదటి అంచెలో వెనకబడ్డ జట్టు దాక్కుని ఆడటానికి వీల్లేదు. 2017 మార్చి 8న బార్సిలోనా, మొదటి అంచెలో 0-4తో ఓడి కూడా, పారిస్ సెయింట్ జెర్మెయిన్ మీద 6-1తో గెలిచి ముందుకెళ్లింది. యూరప్ పోటీల్లో బయటి మైదానం గోల్‌కి ఎక్కువ విలువ ఇచ్చే నిబంధనని 2021లో తీసేశారు. ఇప్పుడు లెక్క తేలిక: రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపితే చాలు.

మూడోది, ఏ జట్టూ లేనివాళ్లకి ఏడాదిలో అసలైన పండగ: లీగు ఆఖరి రోజు. ప్రీమియర్ లీగులో ఆ ఆదివారం పది మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి, ఈమధ్య సీజన్లలో మన టైము రాత్రి 8:30కి. 2012 మే 13న మాంచెస్టర్ సిటీ 90 నిమిషాలూ దాటాక కలిపిన ఇంజూరీ టైములో రెండు గోల్స్ కొట్టి, క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద 3-2తో గెలిచింది. యునైటెడ్‌తో పాయింట్లు సమానమైతే గోల్స్ తేడాతో టైటిల్ పట్టుకుపోయింది. అదే సమయానికి యునైటెడ్ ఆటగాళ్లు సండర్‌లాండ్‌లో తమ మ్యాచ్ గెలిచి, మైదానంలోనే నిలబడి కబురు కోసం చూస్తున్నారు. ఓడిపోయిన రేంజర్స్ కూడా ఆ రోజే గండం గట్టెక్కింది, ఎందుకంటే వేరే ఊళ్లో బోల్టన్ గెలవలేకపోయింది. సిటీ అభిమాని ఒక కథే చూశాడు. ఏ జట్టూ లేనివాళ్లు మూడూ చూశారు.

మన గడియారానికి సరిపెట్టుకోవడం

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, అక్టోబర్ ఆఖరి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మనం మార్చం. అందుకని చలికాలంలో ప్రతి మ్యాచ్ మనకి గంట ఆలస్యంగా మొదలవుతుంది.

ప్రీమియర్ లీగు శనివారం మ్యాచ్‌లు ఆగస్టు, సెప్టెంబర్లలో మనకి సాయంత్రం 5, రాత్రి 7:30, రాత్రి 10 గంటలకి ఉంటాయి. అక్టోబర్ చివర్నుంచి 6, 8:30, 11 అవుతాయి. ఆదివారం సాధారణంగా 6:30, 9. చలికాలంలో 7:30, 10. బుండెస్‌లీగా శనివారం ప్రధాన మ్యాచ్‌లు రాత్రి 7కి, చలికాలంలో 8కి. పొద్దున్నే ఆఫీసుకి, కాలేజీకి వెళ్లేవాళ్లకి ఇదే అన్నిటికన్నా అనువైన వేళ. భోజనాల టైముకి ఆట అయిపోతుంది.

యూరప్ మేటి క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్ మటుకు అర్ధరాత్రి వ్యవహారం. పెద్ద మ్యాచ్‌లు 12:30కి, చలికాలంలో 1:30కి. అదే రోజుల్లో 10:15కి (చలికాలం 11:15కి) ఒకటి రెండు మ్యాచ్‌లు ముందే మొదలవుతాయి. నిద్ర పాడుచేసుకోకుండా వాటిని పట్టుకోండి. 2024-25 నుంచి ఈ పోటీ లీగు దశలో 36 జట్లు ఉన్నాయి, ఒక్కోటి ఎనిమిది మ్యాచ్‌లు ఆడుతుంది. మొదటి 8 స్థానాలు నేరుగా ప్రీక్వార్టర్స్‌కి, 9 నుంచి 24 దాకా ప్లేఆఫ్‌కి వెళ్తాయి. కాబట్టి ఆఖరి రోజు 8, 24 స్థానాల దగ్గర ఉన్న జట్ల మ్యాచ్ ఎంచుకోండి.

ప్రసార హక్కులు కొన్నేళ్లకోసారి చేతులు మారుతుంటాయి. ఆగస్టులో సీజన్ మొదలయ్యే ముందు ఏ లీగు ఏ యాప్‌లో వస్తోందో చూసుకుని, అప్పుడే రీచార్జ్ చేయించండి.

మ్యాచ్‌కి ముందు పావుగంట

తుది జట్లని ఆట మొదలవడానికి గంట, గంటంబావు ముందు ప్రకటిస్తారు. ఒక తెల్లకాగితం తీసుకుని పదకొండు మందినీ వాళ్ల స్థానాల్లో రాయండి. 4-3-3 అంటే వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు. గోల్‌కీపర్ లెక్కలోకి రాడు. రెండో జట్టుని ఎదురుగా తలకిందులుగా రాయండి. ఎవరికి ఎదురుగా ఎవరు పడ్డారో ఆ కాగితమే చెప్పేస్తుంది. వేగమైన ఎడమ వింగర్‌కి (ముందు వరసలో అంచున ఆడేవాడు) ఎదురుగా వయసు మీరిన కుడి ఫుల్‌బ్యాక్ (వెనక వరసలో అంచున ఆడేవాడు) పడ్డాడా? ఆ రాత్రికి మీ కథ అదే.

కాగితం కింద ఒక ప్రశ్న రాసుకోండి. ఒకటి చాలు. "ఈ ఫుల్‌బ్యాక్‌కి సాయంగా ఎవరు వెనక్కి వస్తారు?" అనో, "ఇంత మంది పొడవాటివాళ్లున్నారు, కార్నర్లలో ఎక్కడికి కొడతారు?" అనో. ప్రశ్న ఉన్నవాళ్లకి 0-0 మ్యాచ్‌లోనూ జవాబు దొరుకుతుంది.

బంతి మీద నుంచి కన్ను తీయడం

కెమెరా బంతి వెంట పోతుంది, కన్ను కెమెరా వెంట పోతుంది. ఫుట్‌బాల్ విసుగనిపించడానికి ఇదే అసలు కారణం. మైదానంలో 22 మంది ఉంటే ఏ క్షణంలోనైనా బంతి ఒక్కడి దగ్గరే ఉంటుంది. మిగతా 21 మంది ఏం చేస్తున్నారన్నదే ఆట.

మొదటి పావుగంటలో మూడు సంగతులు కనిపెట్టండి. బంతి పట్టుకున్న గోల్‌కీపర్ పక్కనున్న డిఫెండర్‌కి ఇస్తున్నాడా, దూరంగా బాదుతున్నాడా? బంతి పోగొట్టుకున్న జట్టు అక్కడికక్కడే మీదపడి లాక్కోవడానికి చూస్తోందా, వెనక్కి పరిగెత్తి గోడ కడుతోందా? ఫుల్‌బ్యాక్‌లు వెనక వరసలోనే ఉంటున్నారా, ముందుకెళ్లి వింగర్లలా ఆడుతున్నారా? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆ జట్టు కోచ్ ఏం అనుకుంటున్నాడో సగం తెలిసిపోయినట్టే.

తర్వాత పది నిమిషాలు ఒక్క ఆటగాణ్ణే చూడండి. మొదటిసారి చేసేవాళ్లు డిఫెండర్ల ముందు ఆడే మిడ్‌ఫీల్డర్‌ని ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే అతను తెర మధ్యలోంచి ఎక్కువగా బయటికి పోడు. 2024లో బలోన్ డోర్ (ఏటా మేటి ఆటగాడికిచ్చే బహుమతి) వచ్చిన మాంచెస్టర్ సిటీ ఆటగాడు రోడ్రీ స్థానం అదే. గోల్స్ లెక్కపెట్టి చూసేవాళ్లకి ఆ బహుమతి అతనికెందుకు వచ్చిందో అర్థం కాదు. అతని తల చూడండి. బంతి తన దగ్గరికి రాకముందే ఒకసారి ఎడమ భుజం మీంచి, ఒకసారి కుడి భుజం మీంచి వెనక్కి చూస్తాడు. ఆ చూపుతోనే వెనక ఎవరున్నారో, ఎటు ఖాళీ ఉందో తెలిసిపోతుంది. అందుకే బంతి అందుకునేటప్పటికి ఒళ్లు సగం తిరిగే ఉంటుంది. మొదటి తాకుడుకే బంతి ఖాళీ వైపు వెళ్తుంది. అలా చూడనివాడు బంతి అందుకుని, ఆగి, తలెత్తి, అప్పుడు వెతుక్కుంటాడు. ఆ ఒక్క క్షణంలో ఎదుటివాడు మీదకొచ్చి పడతాడు. మైదానంలో చూస్తే పక్కపక్కనే ఆడుతున్న ఇద్దరు మిడ్‌ఫీల్డర్లలోనూ ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, టీవీలో కాస్త ఓపిక పట్టాలి.

పది నిమిషాల తర్వాత స్ట్రైకర్‌ని చూడండి. బంతి రాకుండానే ఎన్ని పరుగులు తీస్తాడో గమనించండి. అతను దగ్గరి స్తంభం వైపు పరిగెత్తితే ఒక డిఫెండర్ వెంటపడతాడు, వెనక ఖాళీ అయిన చోటికి ఇంకొకడొచ్చి గోల్ కొడతాడు. స్కోర్‌బోర్డు మీద స్ట్రైకర్ పేరే ఉండదు. రీప్లే వేసినప్పుడు గోల్ కొట్టినవాణ్ణి వదిలేసి ఇతని పరుగు చూడండి.

ఒక్క హెచ్చరిక. చిన్న ఫోన్ తెర మీద ఇదంతా కనపడదు. టీవీకి కలుపుకోండి, లేదా కనీసం ల్యాప్‌టాప్ పెట్టుకోండి.

ఆఫ్‌సైడ్: రక్షణ గీతనే చూడాలి

నిబంధన ఇది. మీ జట్టువాడు బంతిని తన్నిన క్షణంలో మీరు ఎదుటివాళ్ల సగంలో ఉండి, బంతికన్నా, ఎదుటి జట్టు చివరి నుంచి రెండో ఆటగాడికన్నా గోల్ గీతకి దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్టు. ఆ చివరి ఇద్దరిలో ఒకరు మామూలుగా గోల్‌కీపరే. ఆ స్థానంలో ఉండి ఆటలో కలగజేసుకుంటేనే తప్పు. చేతులు లెక్కలోకి రావు. గోల్‌కిక్, త్రోఇన్, కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ లేదు. "బంతి తన్నిన క్షణం" అన్నది మర్చిపోయి, బంతి అందుకున్న చోటు చూసి వాదనకి దిగేవాళ్లే ఎక్కువ.

సాధనకి 2022 నవంబర్ 22న సౌదీ అరేబియా, అర్జెంటీనా ఆడిన ప్రపంచకప్ మ్యాచ్ మొదటి సగం చూడండి. సౌదీ డిఫెండర్లు గోల్ వదిలేసి మధ్య గీతకి చేరువగా వరసగా నిలబడ్డారు. వెనక మైదానమంతా ఖాళీ. పాస్ వదిలే ముందు నలుగురూ ఒక్కసారి ముందుకి అడుగేస్తే, పరిగెత్తిన అర్జెంటీనా ఆటగాడు వాళ్ల వెనక మిగిలిపోయేవాడు. ఆ ఒక్క సగంలోనే అర్జెంటీనా గోల్స్ మూడు ఆఫ్‌సైడ్ కింద రద్దయ్యాయి. నలుగురిలో ఒకడు అర అడుగు ఆలస్యమైనా గోల్ అయ్యేదే. రెండో సగం మొదట్లో సౌదీ అయిదారు నిమిషాల తేడాలో రెండు కొట్టి 2-1తో గెలిచింది. అదే అర్జెంటీనా ఆ కప్పు గెలిచింది. డిసెంబర్ 18న ఫ్రాన్స్‌తో ఫైనల్ 3-3తో ముగిసింది, పెనాల్టీల్లో 4-2. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒక జట్టు నెల రోజుల్లో ఎలా మారుతుందో తెలుస్తుంది.

వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ తప్పుల్ని సరిచేసే ఏర్పాటు) జోక్యం చేసుకునేది ప్రధానంగా నాలుగు సందర్భాల్లో అని గుర్తుపెట్టుకోండి: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే ఎర్రకార్డు, ఒకరికి ఇవ్వాల్సిన కార్డు ఇంకొకరికి ఇవ్వడం. మామూలు ఫౌల్‌కి వీఏఆర్ ఎందుకు చూడలేదని కోప్పడి లాభం లేదు.

ఒక్క రాత్రికి పక్షం కట్టొచ్చు

ఏ జట్టుకీ కట్టుబడకపోవడం అంటే రాయిలా కూర్చోమని కాదు. ఆ మ్యాచ్ వరకు ఒక జట్టుని అరువు తెచ్చుకోండి. మొదటి పావుగంట చూశాకే ఎంచుకోండి, విజిల్ మోగగానే వదిలేయండి. మధ్యలో మారినా అడిగేవాళ్లెవరూ లేరు.

చాలామంది బలహీనమైన జట్టు వైపు మొగ్గుతారు. అందులో న్యాయం ఉంది. 5000కి 1 అని పందెం రేటు కట్టిన లెస్టర్ సిటీ 2015-16లో ఇంగ్లండ్ ఛాంపియన్ అయ్యింది. కానీ బలహీనమైన జట్టు అందంగా ఆడుతుందని అనుకోవద్దు. 2004 యూరో కప్ గెలిచిన గ్రీస్ క్వార్టర్‌ఫైనల్, సెమీఫైనల్, ఫైనల్ మూడూ 1-0తోనే గెలిచింది. దాదాపు ఆటంతా రక్షణే. గోల్ ముందు గోడ కట్టడం మీకు నచ్చకపోతే అలాంటి రాత్రి ఎదుటి జట్టుకి చేరండి, మొహమాటపడకండి.

జట్టు బదులు మనిషిని పట్టుకోండి

కోచ్ వెంట వెళ్లడం మా దృష్టిలో అన్నిటికన్నా మంచి దారి. అంతకుముందు ఎన్నడూ లీగు గెలవని బేయర్ లెవర్‌కూసెన్‌ని షాబీ అలోన్సో 2023-24లో ఒక్క లీగు మ్యాచ్ కూడా ఓడకుండా ఛాంపియన్‌ని చేశాడు. అలాంటి కోచ్ ఇంకో క్లబ్బుకి మారితే మీరూ మారండి. పాత ఆలోచన కొత్త ఆటగాళ్లతో పనిచేస్తుందో లేదో చూడటంలో ఒక సీజన్ ఇట్టే గడిచిపోతుంది.

ఈ దారిలో వెళ్లేవాళ్లు మన తెలుగునేల మనిషినీ తెలుసుకోవాలి. హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ తర్వాతి ఏడాదే ఆయన కన్నుమూశారు.

అభిమానుల మధ్య కూర్చున్నప్పుడు

బ్రాడీపేట రూముల్లోనో, పటమట ఫ్లాట్లలోనో నలుగురు కలిసి చూస్తుంటే అందులో ముగ్గురు వీరాభిమానులే ఉంటారు. "నేను ఎవరి వైపూ కాదు మామా, మ్యాచ్ చూద్దామని వచ్చా" అని ముందే చెప్పేయండి. వాళ్ల జట్టు గోల్ తినగానే విశ్లేషణ మొదలుపెట్టకండి. ఆ అయిదు నిమిషాలూ మిరపకాయ బజ్జీల పని చూసుకోవడం మేలు. ఎదుటి జట్టు మంచి గోల్ కొడితే చప్పట్లు కొట్టండి, కానీ లేచి నిలబడి గంతులేయకండి. అభిమానులు మీకన్నా బాగా చెప్పగలిగేవి కొన్ని ఉంటాయి: ఏ ఆటగాడికి ఏ కాలు బలహీనం, ఎవరు గాయం నుంచి ఇప్పుడే తేరుకున్నారు వంటివి. విరామం 15 నిమిషాల్లో అవి అడగండి.

యాప్‌లో వచ్చే ప్రసారం టీవీకన్నా కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం దాకా వెనకబడి ఉంటుంది. పక్కింట్లో అరుపో, వాట్సాప్ గ్రూపులో మెసేజో ముందే వచ్చి గోల్‌ని పాడుచేస్తుంది. స్కోర్ యాప్ నోటిఫికేషన్లు ఆపేసి, గ్రూపుని మ్యూట్‌లో పెట్టి కూర్చోండి. ఎండాకాలం కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపించుకోవాలి, అప్పుడు వీడియో నాణ్యత 480కి తగ్గిస్తే ఆగకుండా వస్తుంది.

ఎక్కడ చెడుతుంది

హైలైట్స్‌తో సరిపెట్టుకునేవాళ్లకి ఆట ఎప్పటికీ పట్టుబడదు. గోల్ ఎలా పడిందో అందులో ఉంటుంది, ఎందుకు పడిందో అంతకుముందు ఇరవై నిమిషాల్లో ఉంటుంది.

జట్టు లేదు కాబట్టి ఏదో ఒక ఊపు కావాలని డబ్బు పందేలకి దిగడం అన్నిటికన్నా ప్రమాదం. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ బెట్టింగ్‌ని 2020లోనే నిషేధించారు. చట్టం సంగతి అలా ఉంచినా, డబ్బు పెట్టినవాడికి ఆట కనిపించడం మానేస్తుంది, స్కోరే కనిపిస్తుంది. ఊపు కావాలంటే డబ్బు కట్టనక్కర్లేని ఫాంటసీ ప్రీమియర్ లీగ్ ఉంది, మీరు ఏరుకున్న ఆటగాళ్లు నిజం మ్యాచ్‌ల్లో ఆడినదాన్ని బట్టి పాయింట్లు వచ్చే ఆన్‌లైన్ ఆట: 100 మిలియన్ల ఊహా బడ్జెట్‌తో 15 మంది ఆటగాళ్లు, ఒక్క క్లబ్బు నుంచి ముగ్గురికి మించకూడదు. దాని పుణ్యమా అని మామూలుగా పట్టించుకోని జట్ల డిఫెండర్ల పేర్లు కూడా తెలుస్తాయి. మ్యాచ్ నడుస్తుండగా పాయింట్లు చూసుకోవడం మాత్రం వద్దు.

ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అనే అంకెని ఆట అయ్యాకే చూడండి. ఒక్కో షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో అది చెబుతుంది. పెనాల్టీకి మూడొంతుల పైన, అంటే సుమారు 0.76 నుంచి 0.79 దాకా ఇస్తారు. అదృష్టం కొద్దీ గెలిచిందెవరో, బాగా ఆడి ఓడిందెవరో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

చూసిన ప్రతి మ్యాచ్‌కీ ముందు రాసుకున్న ప్రశ్న కిందే నాలుగు లైన్లు రాయండి: జవాబు దొరికిందా, ఆట ఎక్కడ మలుపు తిరిగింది, ఏ మార్పిడి పనిచేసింది (ఒక్కో జట్టుకి అయిదుగురిని మార్చుకునే వీలుంది), మళ్లీ చూడాలనిపించిన ఆటగాడెవరు. నాలుగో లైనులో ఒకే పేరు మూడు నాలుగుసార్లు వస్తే అతని తర్వాతి మ్యాచ్ మీ వారం జాబితాలో పెట్టుకోండి.

గ్రౌండ్‌కి వెళ్లండి

ఒక్కసారి కళ్లారా చూసినా టీవీలో చూడటం మారిపోతుంది. అంతర్జాతీయ మ్యాచ్ మైదానం పొడవు 100 నుంచి 110 మీటర్లు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. పక్కన నిలబడితేనే ఆ దూరాలు ఒంటికి తెలుస్తాయి. కాలేజీ జట్ల ఆట అయినా సరే. మొదటి సగం మధ్య గీత దగ్గర, వీలైతే గ్యాలరీ పైమెట్టు మీద కూర్చోండి. రక్షణ గీత ముందుకీ వెనక్కీ కదలడం అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది. రెండో సగం గోల్ వెనక్కి, వల నుంచి నాలుగైదు మీటర్లు దూరంగా వెళ్లి నిలబడండి. డిఫెండర్ల మధ్య సందులు అక్కణ్ణుంచే తెలుస్తాయి, గోల్‌కీపర్ అరిచే మాటలూ వినపడతాయి.

రెండు ఊళ్లలోనూ టర్ఫ్ కోర్టులు చాలానే వచ్చాయి. అయిదుగురేసి ఆడే ఆటలో సాధారణంగా ఆఫ్‌సైడ్ ఉండదు. అరగంట ఆడితే చాలు, డెబ్బయ్యో నిమిషంలో ఫుల్‌బ్యాక్ వెనక్కి ఎందుకు పరిగెత్తలేకపోయాడో మీ కాళ్లే చెబుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దు వాలాకే వెళ్లండి. నీళ్లసీసాతో పాటు ఉప్పు కలిపిన మజ్జిగ కూడా పట్టుకెళ్లండి.

ఈ మ్యాచ్‌ల వివరాలు ఏ యాప్‌లోనూ దొరకవు. బెజవాడలో ఇందిరాగాంధీ స్టేడియం, ఆంధ్ర లయోలా కాలేజీ, గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం, రెండు ఊళ్లకీ మధ్యలో నాగార్జున యూనివర్సిటీ దగ్గర వాకబు చేయండి. ఇంటర్ కాలేజియేట్ పోటీల తేదీలు కాలేజీ పీడీ సార్లకి ముందే తెలుస్తాయి. సాయంత్రం ప్రాక్టీసు వేళకి వెళ్లి అడిగితే ఏ రోజు, ఏ గ్రౌండ్‌లో, ఎన్నింటికో చెబుతారు.